అక్క పట్టనన్న కలం

అక్క పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని లాగుతున్నాను. బాన్సువాడలో మా రైతు సంఘం ఆఫీసుకు ఆమె పెద్ద క్లర్కు. చైర్మన్ నుంచి హమాలీ దాకా అందరికీ అక్కే. నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయేలోపే గుండె ఆగిపోయిందట. ఏడుపు కంటే ముందు నాకు ఆ మిషన్ మీద కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

వడ్ల తూకం రసీదులు, ఎరువుల బిల్లులు, అప్పు కాగితాలు, అన్నీ ఆ ఒక్క ప్రింటర్‌లోంచే రావాలి. కోతల కాలంలో పొద్దున మొదలుపెడితే పొద్దుగూకే దాకా తిరగాలి. తిరిగితే తిరిగినట్టు, లేకుంటే నాలుగు కాగితాలు ఒకేసారి మింగి కూర్చుంటుంది. రసీదు లేనిదే వడ్ల లారీ కదలదు. ఈలోపు వాన పడితే కల్లంలో వడ్లు మొలకెత్తుతాయి.

అక్క దానికి చేయని సేవ లేదు. ముసురు రోజుల్లో కాగితాలకు చెమ్మ పడుతుందని, కోడిపిల్లలకు పెట్టినట్టు కట్టల పక్కన బల్బు వెలిగించి పెట్టేది. అయినా అది మొండికేస్తే కలం తీసి రసీదులు చేత్తో రాసి ముద్ర కొట్టేది. మేం నవ్వినా పట్టించుకునేది కాదు. గుండ్రటి రాత. తండాల నుంచి వచ్చేవాళ్లు అక్క రాసిందే కావాలని అడిగేవారు. ఆమెకు అది కొంచెం గొప్పగానే ఉండేది. నాకు పని నేర్పింది ఆమే. ఇవాళ నలుగురిలో నోరు విప్పుతున్నానంటే ఆమె పెట్టిన భిక్షే.

కొత్తది కొనాలా, దీన్నే బాగు చేయించాలా అన్న ముచ్చట ప్రతి మీటింగులోనూ వచ్చేది. చైర్మన్ సారుది ఒకటే మాట, పని ఆగడం లేదు కదా అని. మెకానిక్ వచ్చి ఏదో చక్రం మార్చి పోయేవాడు. అతని బండి పక్కనున్న వర్ని ఊరు దాటకముందే మిషన్ మళ్లీ మొరాయించేది.

పోయిన ఎండాకాలం యాసంగి కోతల్లో ఒకరోజు రాసి రాసి కొంకర్లు పోయిన వేళ్లు విదిలించుకుంటూ అక్క నాతో అంది: "పని ఎందుకాగుతలేదే? నేను రాస్తున్న గనుక. నా చెయ్యే కొత్త మిషన్‌కు అడ్డం పడ్డది. ఇగ వచ్చే కోతల్ల నేను కలం పట్టను. నువ్వు గూడ పట్టకు."

రైతులు తిడతారని భయపడ్డాను.

"తిట్టనియ్యి. తిట్టేటోళ్లకు ఎటు పోవాల్నో తొవ్వ చూపియ్యి" అంది.

ఆ కోతలు రాకముందే ఆమె పోయింది.

సంతాప సభలో చైర్మన్ సారు కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు, కాదనను. ఆ తర్వాత, అక్క కంటికి రెప్పలా చూసుకున్న మిషన్ కాబట్టి ఆమె గుర్తుగా దాన్నే నడిపిద్దామన్నాడు. ఎవరో దానికి పూలదండ కూడా వేశారు. నాకు ఒళ్లు మండింది. లేచి ఆ దండ తీసి అక్క ఫోటోకు వేశాను.

"అక్క యాదికి కొత్తది తేండ్రి సార్. గిది ఆమెను సతాయించిన మిషన్" అన్నాను. కూర్చోమన్నారు. కూర్చున్నాను గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

వానాకాలం కోతలొచ్చాయి. అనుకున్నట్టే అది ఆగింది. బయట మబ్బు కమ్ముతోంది. రైతులు నిలబడలేక, ఎప్పటిలాగే తమకు బదులు చెప్పులను వరుసలో పెట్టి వరండాలో కూర్చున్నారు. ముందున్నది తండా నుంచి వచ్చిన ఒక అవ్వ. చేత్తో రాసిమ్మని అడిగింది. నా చెయ్యి కలం మీదకు పోయింది. ఆమె వడ్లు తడిస్తే ఆ పాపం నాది కూడా. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"రాయొద్దని అక్క చెప్పి పోయింది అవ్వా. కొత్త మిషన్ తెచ్చేది చైర్మన్ సారు. లోపలనే ఉన్నడు."

అవ్వ తిట్టలేదు. వంగి తన చెప్పులు తీసుకుని పోయి చైర్మన్ గది గుమ్మం ముందు పెట్టింది. వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఎవరూ అరవలేదు. వరుస తప్పకుండా ఎవరి చెప్పులు వాళ్లు తెచ్చి ఆమె చెప్పుల వెనక పెట్టుకుంటూ పోయారు. చైర్మన్ సారు తలుపు తెరిచేసరికి ఆ గుమ్మం నుంచి గేటు దాకా చెప్పులే, అన్నీ ఆయన వైపే తిరిగి ఉన్నాయి.