సర్దేయమ్మా

"మేమంతా నిజాయితీగా ఉంటే మీకు జీతం ఎవరిస్తారు మేడం?"

ఆమె మొట్టమొదటి శిక్షణ తరగతిలో వెనక బెంచీ నుంచి ఒక పరిశోధక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. హాలంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వేసి, "నువ్వున్నావుగా నాన్నా, నా ఉద్యోగానికి ఢోకా లేదు" అంది. జవాబు బాగానే పేలింది. ప్రశ్న మాత్రం చెప్పులో రాయిలా ఉండిపోయింది.

విశ్వవిద్యాలయంలో ఆమె పని పరిశోధకులకు నిజాయితీ నేర్పడం. ఇతరుల వాక్యాలు ఎత్తి రాయకూడదు, చెయ్యని కొలత చేసినట్టు చూపకూడదు, వేలు కూడా పెట్టని పెద్దమనిషి పేరు వ్యాసం మీద వెయ్యకూడదు. మంగళవారం తరగతి, శుక్రవారం సలహాలు. సలహాల గది లిఫ్టు మోటారు పక్కనే. ఎవరైనా పై అంతస్తుకు వెళ్తే లోపల మాట వినబడదు. అందరూ ఆమెను నిప్పు మేడం అనేవారు. నిప్పులు కడిగే మనిషని ఎగతాళి, కాస్త భయం. అంత ఆశయంతో ఆమె ఈ పనిలోకి వచ్చింది కాదు. మట్టి పరీక్షల ల్యాబులో రసాయనాలకు చేతులు పొక్కుతుంటే, కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి ఖాళీ ఉందని తెలిసి దరఖాస్తు పెట్టుకుంది. నిజాయితీ నేర్పేవాళ్ళు నిజాయితీలోనే పుట్టిపెరిగారనుకుంటుంది లోకం. పంటి డాక్టరుకు పళ్ళు పుచ్చవా?

తరగతిలో ఆమె తప్పకుండా చెప్పే మాటలు రెండు. ఒకటి జోకు: "ఇల్లు సర్దకుండా చుట్టాన్ని పిలవకండి, డేటా సర్దకుండా గైడును పిలవకండి." ఫైళ్ళకు సరైన పేర్లు, తేదీలు, కొలతలు వరసలో పెట్టుకోమని ఆమె ఉద్దేశం. రెండోది నియమం: "కాగితం మీద లేనిది జరగనట్టే." విశ్వవిద్యాలయంలో ఈ రెండూ నోటికి రానివాళ్ళు లేరు.

ఆమె భర్తకు బస్టాండు ఎదుట ఫొటో స్టూడియో ఉంది. మొటిమలు తీసేస్తాడు, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపిస్తాడు, పెళ్ళి ఫొటోలో అలిగి పక్కకు తిరిగిన మామగారి మొహాన్ని ఇటు తిప్పుతాడు. "నువ్వు సర్దొద్దని జీతం తీసుకుంటావు, నేను సర్ది తీసుకుంటాను. ఇద్దరం కలిస్తేనే ఇల్లు గడుస్తోంది" అనేవాడు. అతని మాటకు ఆమె కూడా నవ్వేది. నవ్వడం మానేసింది మొన్న మొన్ననే.

బస్సు డ్రైవర్ల నిద్ర మీద ఒక అమ్మాయి పరిశోధన చేస్తోంది. రాత్రి డ్యూటీ డ్రైవర్ల చేతికి పట్టీ కట్టి, ఎంతసేపు నిద్రపోయారో కొలవాలి. ఖర్చు బస్సుల కంపెనీది. వ్యాసం వచ్చింది: రాత్రి డ్రైవర్లకు చాలినంత నిద్ర ఉంది. కంపెనీ ఆ ముక్కను పెద్ద అక్షరాలతో అచ్చువేయించి ప్రతి డిపో గోడకూ అంటించింది. అదనపు విశ్రాంతి అడిగినవాడికి గోడ చూపించేవారు.

ఒకరోజు ఒక డ్రైవరు డ్యూటీ దిగి నేరుగా విశ్వవిద్యాలయానికి వచ్చాడు. కళ్ళు చింతనిప్పులు. "నాకూ పట్టీ కట్టారండీ. నేను పడుకున్నది రెండు గంటలు. నా నిద్రలేమి మీ లెక్కలో ఎక్కడికి పోయిందో కాస్త వెతికిపెట్టండి" అని గుమాస్తాను అడిగాడు.

వెతికారు. మొదట రికార్డయిన డేటాలో అతనున్నాడు. వ్యాసంలోని డేటాలో లేడు. అతనితోపాటు ఇంకో ఎనిమిది మంది లేరు. అందరూ నిద్రలేనివాళ్ళే.

విచారణ కమిటీ కూర్చుంది. డీన్ అధ్యక్షుడు, నిప్పు మేడం కార్యదర్శి. నేరం రుజువైతే అమ్మాయి సీటు పోతుంది. ఆరేళ్ళ చదువు గంగపాలే.

"నాకు సంబంధం లేదు. తను పంపిన డేటానే నేను చూశాను" అన్నాడు అమ్మాయి గైడు, చేతులు దులుపుకుంటూ.

"ఎందుకు తీసేశావమ్మా?" అన్నారు డీన్.

"ఆ వరుసలు మరీ గందరగోళంగా ఉన్నాయి సార్. పట్టీ చెడిపోయిందేమో అనుకున్నాను. అయినా మేడాన్ని అడిగే సర్దాను."

అందరి తలలూ నిప్పు మేడం వైపు తిరిగాయి.

"అడిగావా? రాసి ఉందా?" గైడు నవ్వాడు. "కాగితం మీద లేనిది జరగనట్టే. ఆ మాట మేడంగారిదే కదండీ."

ఆమెకు గుర్తుంది. ఒక శుక్రవారం. డీన్ ఆఫీసు అడిగిన సర్టిఫికెట్ల కట్ట మీద గబగబా సంతకాలు చేస్తోంది. గుమ్మంలో ఆ అమ్మాయి నిలబడి ఏదో చెప్పింది. లిఫ్టు పైకి పోతోంది. "...వరుసలు అసహ్యంగా ఉన్నాయి మేడం, సర్దేయొచ్చా?" అన్నది మాత్రం వినబడింది. తల ఎత్తకుండానే, "సర్దేయమ్మా, దానికి కూడా అడగాలా?" అంది.

"నేను... గుర్తుచేసుకోవాలి" అంది కమిటీతో. మర్నాటికి వాయిదా పడింది.

మెట్ల మీద అమ్మాయి ఎదురైంది.

"నిజం చెప్పు తల్లీ. తప్పని నీకు తెలియదా?"

అమ్మాయి గోడకు ఆనుకుంది. "సగం తెలుసు మేడం. అందుకే అడిగాను. మీరు ఊఁ అంటే మిగతా సగం మీ పేరు మీద గడిచిపోతుందనుకున్నాను."

ఈ మాట రేపు కమిటీలో చెబితే చాలు. కార్యదర్శి కడిగిన ముత్యం, అమ్మాయి ఇంటికి. పైగా చెప్పింది అబద్ధమూ కాదు. నిజాల్లో ఇదే తిరకాసు, మనకు పనికొచ్చేది ఎప్పుడూ ముందే చేతికి తగులుతుంది.

సాయంత్రం స్టూడియోకి వెళ్ళింది. భర్త ఎవరిదో పాస్‌పోర్టు ఫొటోలో చెవులు సరిచేస్తున్నాడు. జరిగిందంతా విని, "నువ్వన్నది ఫైళ్ళు సర్దమనేగా?" అన్నాడు.

"అదే తెలియడం లేదు. అసలు ఏమీ అనుకోకుండా అన్నాను. కట్ట పూర్తయితే చాలని."

"అయితే అదే చెప్పు."

"ఉద్యోగం పోతే?"

అతను తెర మీంచి కళ్ళు తీయలేదు. "నా దగ్గరికొచ్చి అందరూ ఒక్కటే అంటారు: కొంచెం సర్దండి సార్, పోలిక మాత్రం పోకూడదు. పోలిక పోయిందంటే మాత్రం ఫొటో మొహాన కొడతారు. నీ ఇష్టం మరి."

మర్నాడు ఆమె మినిట్స్ పుస్తకం మూసి పక్కన పెట్టింది. "అడిగింది సార్. గుమ్మంలో నిలబడి అడిగింది. నేను సగమే విన్నాను. తలెత్తి చూడలేదు. సర్దేయమన్నాను. ఏ అర్థంలో అన్నానంటే, ఏ అర్థంలోనూ అనలేదు."



డీన్ ముందుకు వంగి, మెల్లగా అన్నారు. "మీరు ఇల్లు సర్దినట్టు సర్దమన్నారు. అంతేగా? ఇది రాతలోకి అక్కర్లేదు మేడం. నిజాయితీ విభాగానికే మచ్చ వస్తుంది. మనలో మనం సర్దేసుకుందాం."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎందుకు నవ్వారో డీన్‌కి అర్థం కాలేదు.

"ఆ ఒక్క మాట వద్దు సార్" అంది ఆమె. పుస్తకం తెరిచి, తను అన్నది అన్నట్టే రాసింది. కింద అమ్మాయి మెట్ల మీద అన్న మాట కూడా రాయబోయి, ఆగి, తలెత్తి చూసింది.

"రాయండి మేడం" అంది అమ్మాయి. "అదీ జరిగిందేగా."

రెండూ రాతలోకి ఎక్కాయి. అలా రాసినందుకు ఆమెకు గుండె తేలికపడిందనుకుంటే పొరపాటు. ఆ రోజు మొదలు ఎవరు సలహా అడిగినా "ఇంకోసారి చెప్పండి" అని రెండుసార్లు అడిగించుకునేది. మనిషి చెప్పడం ముగించాక కూడా లిఫ్టు ఆగేదాకా చూసి, అప్పుడు మాట్లాడేది. పిల్లలు విసుక్కుని రావడం తగ్గించారు.

వ్యాసం వెనక్కి తీసుకున్నారు. తొమ్మిది మంది డ్రైవర్లనూ కలిపి అమ్మాయి మళ్ళీ లెక్క కట్టింది. ఈసారి నిద్ర చాల్లేదని తేలింది. కంపెనీ గోడల మీది కాగితాలు పీకించింది కానీ డ్యూటీలు మార్చలేదు. రెండు గంటల డ్రైవరు ఇప్పటికీ అదే రూటులో తిరుగుతున్నాడు. అమ్మాయి సీటు నిలిచింది, గైడు మాత్రం ఆమెను వదిలేశాడు. వేరే గైడు కోసం తలుపులు తట్టి, చివరికి ఒకామెను పట్టుకుంది.

నిప్పు మేడం ఉద్యోగం పోలేదు. మంగళవారం తరగతులు మాత్రం "కొంతకాలం" ఆమె చేతిలోంచి తీసి, అనుభవజ్ఞుడని ఆ పాత గైడుకే అప్పగించారు. చుట్టాల జోకు ఆయన ఇంకా చెబుతున్నాడట. బాగా పేలుతోందట.

డ్రైవరు వచ్చి అడిగిన నాటి నుంచి విచారణ ముగిసేదాకా అమ్మాయి ఫెలోషిప్ ఆపేశారు. అయ్యాక "విడుదల చేయవచ్చు" అని కమిటీ సిఫార్సు చేసింది. నిప్పు మేడం జీతం ఒకటో తారీఖునే పడుతోంది. అమ్మాయికి ఐదు నెలల డబ్బు ఇంకా రావాలి.