బల్బు లేని చోట వెలిగిన ఎర్రదీపం

కరెంటు ఉంటే వెలుగుతుంది, లేకపోతే వెలగదు. ఏళ్ల తరబడి కార్ల మీటర్లు బాగుచేసి బతికినవాడిని, నాకు తెలిసిన లోకం అంతే. ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే మొహమాటం లేకుండా నవ్వేవాడిని. ఇప్పటికీ నమ్ముతానని చెప్పను. జరిగింది మాత్రం చెప్తాను.

తొంభైల చివర్లో, తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో వడమాలపేట దగ్గర నాకు చిన్న షాపు ఉండేది. ముందు రేకుల పంచ, లోపల ఒక గది. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం పుత్తూరు నుంచి మునిరత్నం అనే అతను పాత కారు తెచ్చాడు. భార్య సుగుణ, నాలుగేళ్ల కూతురు కూడా వచ్చారు. కొండకు పోతున్నారు. స్పీడును అంకెల్లో చూపించే మీటరు అది. కొన్ని గీతలు వెలగక, ఎనిమిది కాస్తా మూడులా కనబడుతోంది.

"సెకండ్‌హ్యాండ్‌లో కొన్నానన్నా. అలిపిరి దాటినాక ఘాట్‌లో స్పీడు తెలీకుంటే కష్టం గదా. రోంత సూడు," అన్నాడు.

బ్యాటరీ వైరు తీసేసి, మీటరు ఊడదీసి లోపలి గదిలో బల్ల మీద పెట్టుకున్నాను. మునిరత్నం రోడ్డవతల టీ అంగడికి వెళ్లాడు. సుగుణ పంచలో గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. కారు ఎండలోనే ఉంది, అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోగా మీటరు తుడుస్తుంటే, దాని మూలలో ఎర్రగా వెలిగింది. డోరు సరిగా పడలేదని చూపించే బొమ్మ అది.

మీటరుకు ఒక్క వైరు కూడా తగిలించి లేదు. బయటి వెలుతురు పడుతోందేమోనని చేయి అడ్డం పెట్టాను. నీడలో ఇంకా బాగా కనిపించింది. బోర్లించి మళ్లీ తిప్పాను. వెలుగుతూనే ఉంది.

గుమ్మంలోకి వచ్చి చూశాను. కారు డోర్లన్నీ వేసే ఉన్నాయి. వెనక్కి తిరిగితే ఎర్ర బొమ్మ అలాగే ఉంది. ఎందుకు వెళ్లానో చెప్పలేను గానీ, ఎండలోకి దిగి కారు దగ్గరికి పోయాను.

సీట్ల మధ్య ఇరుకులో పాప ముడుచుకుని పడి ఉంది.

డోరు లాగగానే లోపలి సెగ మొహానికి కొట్టింది. పాప ఒళ్లు కాలిపోతోంది. పిలిస్తే పలకలేదు. ఎత్తుకుని పంచలోకి పరుగెత్తాను.

నా కేకకు సుగుణ ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, నాయనతో పోయినావనుకుంటినే తల్లీ!" అంటూ గుండెలు బాదుకుంది. కుండలో నీళ్లన్నీ తెచ్చి పాప మీద పోశాం. మునిరత్నం పరుగున వచ్చి, రోడ్డు మీద పోతున్న జీపును ఆపాడు. అందరం పుత్తూరు ఆసుపత్రికి వెళ్లాం. దారిలోనే పాప కళ్లు తెరిచి నీళ్లడిగింది. కాస్త ఆలస్యమై ఉంటే దక్కేది కాదన్నాడు డాక్టరు.

సాయంత్రం సామాన్ల కోసం అందరం షాపుకు తిరిగి వచ్చాం. కారు వెనక డోర్లకు, పిల్లలు లోపలినుంచి తీయకుండా ఉండే లాకు వేసి ఉంది. పాప ఎక్కి డోరు లాగేసుకుంది, మళ్లీ తీయలేకపోయింది. అంతవరకూ అర్థమైంది.

బల్ల మీద ఎర్ర బొమ్మ ఆరిపోయి ఉంది. మునిరత్నం ఎదుటే మీటరు విప్పాను. ఆ బొమ్మ వెనక బల్బు ఉండాల్సిన చోట ఏమీ లేదు. సాలెగూడు పట్టి ఉంది.

"ఈ లైటు ఎప్పుడన్నా వెలిగినాదా అప్పా?" అని అడిగాను.

"లేదన్నా. నేను కొన్నప్పట్నుంచీ వెలగనే లేదు."

సుగుణ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల నిమురుతూ, "కారులోకి ఎందుకెక్కినావమ్మా?" అంది.

"అవ్వ పిలిసింది."

"ఏ అవ్వ?"

"లోపల కూసోనుండే అవ్వ."

ఆ పిల్ల అవ్వలిద్దరూ బతికే ఉన్నారు. ఆ పొద్దు ఇద్దరూ పుత్తూరులో ఇంటి పట్టునే ఉన్నారు.

మునిరత్నం మళ్లీ ఆ కారు ఎక్కనన్నాడు. ముగ్గురూ బస్సులో ఇల్లు చేరారు. తర్వాత ఎవరినో పంపి కారు తోలించుకుపోయాడు.

బల్బు లేకుండా దీపం ఎలా వెలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. దానికన్నా నన్ను ఎక్కువగా వేధించే ప్రశ్న వేరే ఉంది. ఆ పాపను కారులోకి పిలిచిందీ, నన్ను కారు దగ్గరికి రప్పించిందీ ఒకరేనా, లేక ఇద్దరా?