గడువుకి ముందే కుట్టేసిన సత్తార్ భాయ్

సెప్పిన రోజుకంటే ముందే జాకెట్టిచ్చే దర్జీని మీరెప్పుడైనా సూసేరా? మా అనకాపల్లిలో నేను సూసేను. పేరు అబ్దుల్ సత్తార్. ఆయన కొట్లో పదకొండేళ్ళుగా కాజాలూ హుక్కులూ కుడతన్నాను. నన్ను కాసులమ్మంటారు. కోపం వత్తే నా నోరు ఆగదు, ముందే సెప్తన్నాను.

వానాకాలంలో సత్తార్ భాయ్ నెల్రోజులు గోడకేసి తిరిగి పడుకున్నాడు. తిండి సయించలేదు, మిషను ముట్టలేదు. "నేనెందుకూ పనికిరాను కాసులమ్మా" అని ఏడిసేడు. మా వీధిలో వైద్యులకేటి కరువా! ఒకరు బద్ధకమన్నారు, ఒకరు దిష్టన్నారు. ఎదురింటి దుర్గాలక్ష్మి తాయెత్తు కట్టించింది. ఆయన భార్య జరీనా ఒక్కర్తే ఆసుపత్రికెల్దామంది. పిచ్చోడి కొట్టని పేరు పడిపోద్దని అందరూ కలిసి దాని నోరు మూయించేరు.

ఓ సోమవారం లేచేడండీ! తెల్లార్లూ మిషనే. నిద్దర లేదు, అన్నం లేదు, అలుపు లేదు. టేపు పట్టకండా కంటిసూపుతోనే కొలతలు. చీడికాడలో ఓ కొట్టు, రావికమతంలో ఓ కొట్టు, ఎస్. రాయవరంలో ఏకంగా ఫ్యాక్టరీ అని ఒకటే వాగుడు. ఆపితే కస్సుమనీవోడు. "సూసేరా నా తాయెత్తు మహిమ!" అని దుర్గాలక్ష్మి ఎగిరింది. పెళ్ళిళ్ళ రోజులు కదా, కొట్టు ముందు ఆడోళ్ళ జాతర.

గురువారం పొద్దున్న జరీనా ఆటో పిలిసింది. "అక్కా, ఈయన కళ్ళు సూడు. నిద్దరోయి మూడు రోజులైంది. ఇది బాగవడం కాదు."

"బాగున్న మనిషికి ఆసుపత్రేటి తల్లీ? ఆదివారం మా అమ్మాయి పావని పెళ్ళి. జాకెట్లవనీ, తర్వాత నీ ఇష్టం" అంది దుర్గాలక్ష్మి. అందరిదీ అదే మాట. నాదీ అదే. ఆటో ఖాళీగా ఎల్లిపోయింది.

ఆ సాయంత్రమే సత్తార్ భాయ్ పావని పెళ్ళిపట్టుచీరని అడ్డంగా కోసి, ఫ్యాక్టరీకి జెండా అంటూ మేడెక్కి పిట్టగోడ మీద నిలబడ్డాడు. జరీనా ఆయన రెండు కాళ్ళూ వాటేసుకుని ఎనక్కి లాగింది. కింద దుర్గాలక్ష్మి శోకాలు పెడతంది, మనిషి కోసం కాదు, చీర కోసం.

పెద్దాసుపత్రిలో డాక్టరుబాబు అన్నీ అడిగేడు. "అప్పుడు మంచం దిగకపోవడం, ఇప్పుడీ పరుగు, రెండూ ఒక్క జబ్బేనమ్మా. మందులకి లొంగుతుంది. తేడా ముందు ఎవరు గమనించారు?"

"నేనే. మొదటిరోజే" అంది జరీనా.

"మరి అప్పుడే తీసుకురాలేదేం?"

జరీనా నాకేసి సూసింది. సిగ్గుతో సచ్చిపోయేను.

"మేవే ఆపేం బాబూ, జాకెట్లవ్వాలని" అన్నాను.