ఎవరి మార్పు వారి పేరున

పావగడ బస్టాండు ఎదుట జిరాక్స్ అంగడి నడిపే మల్లికకు ఆ వారమంతా ఒకటే దిగులు. వేరుశనగ రైతుల ఫోన్లకు వాన కబురు పంపే ప్రోగ్రామొకటి ఆమె, సోలార్ పార్కులో పనిచేసే వర్షిణి, బట్టల అంగడి కోదండరామ్ కలిసి రాశారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఏ మార్పు ఎవరు చేశారో గుర్తుపెట్టుకునే పాత ఏర్పాటును దాన్ని నడిపేవాళ్లు మూసేస్తున్నారు. అంతా గిట్ అనే కొత్తదానికి మార్చాలి.

మార్చడం కష్టం కాదు, కష్టమంతా పేర్లతో. ఒకప్పుడు ఇంటికొక ఫోను చాలనుకున్నట్టే, ముగ్గురూ మల్లిక లాగిన్‌తోనే రాసుకుంటూ వచ్చారు. మూడు పాస్‌వర్డులు ఎవరు మోస్తారన్నది అప్పటి తెలివి. తెలివి తెల్లారినట్టే ఉంది! బెంగళూరు కంపెనీ ఒకటి పనిలోకి తీసుకునే ముందు వర్షిణి రాసింది చూపించమంది. చూడబోతే ప్రతి మార్పు పక్కనా మల్లిక పేరే. ఇలాగే కొత్త చోటికి పోతే ఆ పిల్ల కష్టం ఇక ఎప్పటికీ మల్లికదే. మల్లికకు సిగ్గేసింది.

"పోనీలేక్కా, అందరం చేసిండేదే గదా," అంది వర్షిణి. ముఖం మాత్రం పోనీలే అనడం లేదు.

ఏం మార్చారో ప్రతిసారీ పక్కన రాసుకున్న ముక్కలన్నీ మల్లిక చదువుతూ పోయి, ఒకచోట నవ్వేసింది. కోదండరామ్ ఏది రాసినా ముందు "శ్రీరామ" అని పెట్టేవాడు. వర్షిణి "శనిమహాత్మ" అని. వేరే ఊళ్లో అయితే మొదటి మాటే శని పేరా అని లెంపలేసుకుంటారు. పావగడలో శనిమహాత్ముడి గుడికి మొక్కని ఇల్లు అరుదు. కంప్యూటర్లోకి దేవుళ్లెందుకని ఒకప్పుడు మల్లిక ఇద్దరినీ కసిరింది కూడా. వాళ్లు వినకపోవడమే మేలైంది.

శ్రీరాముడివి కోదండరామ్‌కు, శనిమహాత్ముడివి వర్షిణికి, ఏ దేవుడూ లేనివి తనకు కట్టి మార్పిడి నడిపింది. మధ్యలో కరెంటు పోయింది. ఊళ్లన్నింటికీ కరెంటు పండించి పంపే తాలూకా మరి! తిట్టుకుంటూ కూర్చుని, వచ్చాక మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి చివరిదాకా నడిచింది.

పని దిగి వచ్చిన వర్షిణి తెర ముందు కూర్చుంది. వరుసగా తన పేరే. కిందికి జరుపుతూ జరుపుతూ కళ్లు తుడుచుకుంది.

"అక్కా, నీ పేరు యాడా కనపడల్లేదే?"

"ఇంకా కిందికి పో. ఉండాది."

చాలా కిందికి పోయాక, అక్కడొకటి ఇక్కడొకటి దొరికాయి.

"ఇంత కొంచెమేనా?"

"నేను చేసిండేది అంతేమ్మా," అంది మల్లిక. పెళ్లికి అడిగి పెట్టుకున్న నగలు తిరిగి ఇచ్చేసినంత హాయిగా ఉంది ఆమెకు. "ఆ కంపెనీకి పంపు పో."