తమ్ముని ఉపవాసం

మూర్ఛ వచ్చి మా తమ్ముడు బాపు మగ్గం గుంటలో పడి ముందుపళ్లు రాలగొట్టుకున్నప్పుడు వాడికి ఆరేళ్లు. మూర్ఛ రోజుకు ఎనిమిది, పది సార్లు వచ్చేది. సుల్తానాబాద్‌లో ఒక నాటువైద్యుడు ఇనుప సీకు ఎర్రగా కాల్చి వాడి నుదుటి మీద, మడమల మీద వాతలు పెట్టాడు. వాతలు పుండ్లయ్యాయి గాని మూర్ఛ పోలేదు.

అప్పుడు మా సంఘం పాస్టరు అయ్యగారు ఉపవాసం చెప్పారు. "మూడు దినాలు పిల్లగానికి నీళ్లే పోయుండ్రి. మేమందరం మీతోని పస్తుంటం" అన్నారు. రెండో రోజు మూర్ఛ రెండుసార్లే వచ్చింది. మూడో రోజు అసలు రాలేదు. సంఘమంతా ఏడుస్తూ పాడింది. నాకప్పుడు పన్నెండేళ్లు. అరచేతులు వాచేలా చప్పట్లు కొట్టాను. ప్రభువు మా ఇంట్లోకి వచ్చి వాణ్ణి ముట్టాడని అప్పుడు నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను.

ఉపవాసం విడిపించకుండానే అయ్యగారు ఆ రాత్రి ప్రార్థన కూటాలకని హుజూరాబాద్ వెళ్లారు. అన్నం పెడితే వాణ్ణి పట్టిన మూర్ఛ దయ్యం తిరిగొస్తుందని బాపు నాలుగో రోజూ పెట్టనివ్వలేదు. అడ్డం వచ్చిన అవ్వను, మా అమ్మను, గోడకు నెట్టాడు. అయిదో రోజు తమ్ముడు పాక్కుంటూ వెళ్లి మగ్గం పడుగు నూలుకు పూసిన గంజి నాకాడు.

"దయ్యాన్ని మేపుతున్నవా రా" అంటూ బాపు వాణ్ణి కర్రతో వీపు చిట్లేదాకా కొట్టి, నూలు తాడుతో గుంజకు కట్టేశాడు.

బాపు బయటికి వెళ్లగానే నేను జొన్నరవ్వతో వండిన గట్కలో బెల్లం కలిపి వాడి నోట్లో పెట్టాను. ఆత్రంలో నా వేలు కూడా కొరికాడు. పొద్దుగూకేసరికి మూర్ఛ వచ్చింది. వాడు కొట్టుకున్న కొట్టుకోవడానికి తాడు మణికట్లను కోసింది.

బాపు వచ్చి వాడి మూతికంటిన గట్క చూసి నన్ను జుట్టు పట్టి ఈడ్చాడు. "పోయినదాన్ని నువ్వే పిలిచినవ్." తన్నుతుంటే చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఆయన మాట నిజమే అనుకున్నాను.

అవ్వ రోకలి తెచ్చి బాపు మోచేతి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

"మూర్చతోని సస్తడో బతుకుతడో దేవుని చిత్తం. ఆకలితోని సంపుడు మాత్రం నీ చిత్తం" అంది.

రెండు రోజులకు అయ్యగారు తిరిగొచ్చారు. "ఉపవాసం ఎవరు విడిపించిన్రు?" అని అడిగారు.

"నేనే అయ్యగారూ" అంది అవ్వ, నా వైపు చూడకుండా. "పస్తుండాల్నంటే మీరుండుండ్రి. మా పోరడు మూడుపూటలు తింటడు."

ఆయన తమ్ముడి మణికట్లు చూశారు, బాపు చేతి కట్టు చూశారు. వాడి పక్కన కూర్చొని, అవ్వ పెట్టిన గట్క తినసాగారు. తింటుండగానే వాడికి మూర్ఛ వచ్చింది. అయ్యగారు ఎంగిలి చేత్తోనే వాడి తల ఒడిలోకి తీసుకున్నారు. తేరుకున్నాక అవ్వ వాడి మూతి తుడిచి, మిగిలిన ముద్ద నోటికందించింది.