ఓపిక అడిగిన మామ్మ

పంతొమ్మిదివందల అరవైల చివర్లో, బి.ఏ. ప్యాసైన కుర్రవాడికి విజయనగరంలో పని దొరకడం ఎంత కష్టమో, దేవుడు లేడని వాదించడం అంత తేలిక. నేను ఆ తేలికైన పనే శ్రద్ధగా చేస్తూ, మధ్యాహ్నాలు నిద్రపోతూ, ఏమీ చేయకుండానే అలిసిపోయి ఉండేవాణ్ణి. నన్ను చూసి చూసి విసిగిన మావయ్య ఒకనాడు, "ఒరే, పడుకుంటే ఏటొస్తాది? ముకలింగంలో శివరాత్రి సేవకి, ఆస్పత్రి నడిపే ఆ ఆశ్రమంవోళ్లు కుర్రాళ్లని పిలస్తన్నారు, పో" అని రైలెక్కించాడు. ఆమదాలవలసలో దిగి, బస్సు పట్టుకుని శ్రీముఖలింగం చేరాను. సేవంటే చేతికి పసుపు గుడ్డ కట్టుకుని, నీడన నిలబడి, జనాన్ని అటు పొండి, ఇటు రండి అనడమని నా నమ్మకం (అప్పటికి నాకున్న నమ్మకం అదొక్కటే).

మా నాయకుడు ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. మాట తక్కువ, ఈల ఎక్కువ కాబట్టి ఈల మాస్టారు అనేవాళ్లం. పండగ ముగింపుకి జనమంతా ఏట్లో మునిగే చక్రతీర్థ స్నానం నాడు ఆయన నన్ను వంశధార ఒడ్డున నిలబెట్టారు. నీడ లేదు. ఏరు సన్నబడిపోయి, ఒడ్డుకీ నీళ్లకీ మధ్య ఇసక మాడిపోతోంది. అక్కడొక ముసలమ్మ మోకాలు పట్టుకుని కూలబడి ఉంది. కూడా వచ్చిన ఊరివాళ్లు ఆవిణ్ణి వదిలేసి ముందు వెళ్లిపోయారట.

"అలాగ సూస్తావేటి బాబూ? నన్ను నీటికాడికి ఎత్తుకెల్లు" అంది.

మాస్టారి వంక చూశాను. ఈల మోగింది. వీపు వంచాను. చూడ్డానికి పుల్లలా ఉన్న మనిషి, ఎత్తేసరికి బియ్యం బస్తా అయింది (ఆవిడ మూట కూడా నా మెడకే వేలాడుతోందని సగం దారిలో తెలిసింది). "ఆ పక్కకి నడు, తడి ఇసక మీద కాలు దిగబడదు" అని వీపు మీంచే నన్ను తోలుతూ, "సామిని ఏటి అడిగినావు?" అంది.

"ఏమీ అడగలేదు మామ్మా."

"మరెందుకొచ్చినావు?"

"మావయ్య పంపించాడు."

ఆవిడ నా వీపు మీంచి నీళ్లలోకి దిగి, నా చెయ్యి పట్టుకుని మూడు మునకలు వేసి, అందరికీ వినపడేలా, "తండ్రీ, ఈ గుంటడికి ఓపికియ్యి" అని మొక్కింది.

"ఉద్యోగం అడగొచ్చు కదా" అన్నాను, ఉండబట్టలేక.

"నన్ను ఎనక్కి మొయ్యాల గదా బాబూ. ముందు ఇదియ్యనీ."

వెనక్కి తెచ్చి దింపేసరికి ఒడ్డున మరికొందరు ముసలివాళ్లు వరసగా కూర్చుని, బస్సు కోసం చూసినట్టు నాకోసం చూస్తున్నారు. పొద్దు వాలేదాకా మోశాను. చివర్న ఒక తాతని ఎత్తుతుంటే నా నోటినుంచి "ఈశ్వరా" అన్న మాట వచ్చింది. అది భక్తో, నడుం నొప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. కానీ ఇసకలో వెల్లకిలా పడుకున్నాక, ఆ రోజంతా నా బతుకేమవుతుందన్న దిగులు ఒక్కసారీ రాలేదని గుర్తొచ్చింది. ఒళ్లంతా నొప్పులే, మనసు మాత్రం ఏడ్చి నిద్రపోయిన పిల్లాడిలా నిమ్మళంగా ఉంది. కాలేజీలో నేను చేసిన వాదాలేవీ ఆ నిమ్మళానికి జవాబు చెప్పలేకపోయాయి.

ఇంటికెళ్లి, ఆశ్రమం ఆస్పత్రిలో ఉండిపోతానని మావయ్యతో చెప్పాను.

"అక్కడేటి సేస్తావురా?"

"మోస్తాను" అన్నాను.

మావయ్య నన్ను ఎగాదిగా చూసి, ఎండదెబ్బ అనుకున్నాడేమో, మజ్జిగ తెమ్మని అత్తతో చెప్పాడు. ఉన్నది ఒక్కరోజు అనుభవం. జీవితమంతా మోసేసినవాడిలా ఎంత ధీమాగా అన్నానో. ముందున్న ఇన్నేళ్ల మోత, ఎండలు అప్పటి ఆ కుర్రవాడికి తెలిసి ఉంటే అలా అనేవాడా? అనేవాడేనేమో, వెర్రివాడు.