అడిగింది తప్ప అన్నీ తెచ్చే బావగారు

మా బావగారు బసవపున్నయ్య గారిని మంచినీళ్లు అడిగితే మజ్జిగ తెస్తారు. మజ్జిగ అడిగితే విసనకర్ర తెస్తారు. విసనకర్ర కావలసినవాళ్లు నోరు మూసుకుని చెమటలు తుడుచుకోవడం మంచిది. పోనీ ఆయన్ని అడగడం మానేద్దామంటే కుదరదు. ఇంట్లో ఎవరు ఎవర్ని ఏమడిగినా ముందు లేచి పరుగెత్తేది ఆయనే.

బావగారంటే మా ఆయనకి స్వయానా అన్నగారు. ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్ట్స్ కొట్టు. పెళ్లి చేసుకోలేదు. "చేసుకోకపోబట్టి ఆ పిల్లెవరో బతికిపోయింది. తాళి కట్టరా అంటే తాళంకప్ప తెచ్చేవాడు" అనేవారు మా అత్తయ్యగారు సీతారావమ్మ గారు. కన్నతల్లే ఇంతమాట అన్నాక ఇక మేం అనడానికి ఏం మిగులుతుంది?

ఒకసారి పొయ్యి మీద నూనె కాగుతోంది. "బావగారూ, పెరట్లోంచి రెండు కరివేపాకు రెబ్బలు" అన్నాను. గోంగూర కట్ట తెచ్చారు.

"ఇది గోంగూరండీ."

"రెండూ ఆకులే కదమ్మా హేమా!"

"ఓరి నీ తెలివి తెల్లారా! గోంగూరతో తాలింపు పెడతారట్రా?" అని అత్తయ్యగారు హాల్లోంచే కేకేశారు. నూనె మాడింది. ఆ పూట చారుకి తాలింపు లేదు.

గుడివాడలో చుట్టాల పెళ్లిలో అయితే పరువే పోయింది. పురోహితుడు "అక్షింతలు పంచండి బాబూ" అనగానే ఈయన విడిదింట్లోంచి కారప్పూస పళ్లెం తెచ్చి గుప్పెడేసి పంచేశారు. సగంమంది తినేశారు. మిగతా సగంమంది గుప్పిట్లో పట్టుకుని పెళ్లికొడుకు నెత్తి వంక చూస్తున్నారు. మా ఆయన స్తంభం చాటుకి వెళ్లిపోయారు.

ఇన్ని చూసి నవ్వుకోగలిగేదాన్నే గానీ, నా మనసప్పుడు నవ్వే స్థితిలో లేదు. ఈ తికమక చేష్టలు మొదలవడానికి కొంచెం ముందే మా అమ్మాయి కీర్తనకి మూడేళ్లు నిండాయి. ఒక్క మాట రాలేదు. అమ్మా లేదు, నాన్నా లేదు, అత్తా లేదు. ఏం కావాలన్నా వేలు చూపించి "ఊఁ" అనేది.

"పుట్టినప్పుడు వస పొయ్యలేదా?" అని అడగని మనిషి మా పటమటలో లేరు. పొయ్యకపోవడమేమిటి! అత్తయ్యగారు వసకొమ్ము అరగదీసి అరగదీసి సానరాయి అరిగిపోయింది. పిల్ల నాలిక మీద మళ్లీ రాశారు, తేనెతో రాశారు. "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి" అని ఒకరు, "గుళ్లో పెద్ద గంట కింద నిలబెట్టండి" అని ఇంకొకరు. నిలబెట్టాం. గంట మోగినంతసేపూ అది చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చి మళ్లీ వేలు చూపించి "ఊఁ" అంది. నన్ను ఎప్పటికైనా అమ్మా అని పిలుస్తుందా, లేదా? ఆ ఒక్క ప్రశ్న తప్ప నాకు వేరే ఆలోచన ఉండేది కాదు.

చివరికి గవర్నర్‌పేటలో పిల్లలకి మాటలు నేర్పే డాక్టరమ్మ ఉన్నారని కనుక్కొచ్చింది బావగారే. మమ్మల్ని స్కూటర్ మీద తీసుకెళ్లారు. ఆవిడ పేరు ఛాయాదేవి గారు. చెవి పరీక్ష చేయించి చూశారు. వినికిడిలో లోపం లేదు.

"ఇందులో మీ తప్పేం లేదమ్మా. కొంతమంది పిల్లలకి మాట ఆలస్యమవుతుంది. వారం వారం తీసుకురండి, నేర్పిద్దాం. ఇంట్లో మాత్రం పాప వేలు చూపించగానే అందించెయ్యకండి. దాన్ని అడగనివ్వండి, కాస్త ఆగండి" అన్నారు.

బావగారు మూల కుర్చీలో కునుకు తీస్తున్నారు. కిందకి దిగాక "అయ్యో, స్కూటర్ తాళం పైన మర్చిపోయానమ్మా" అని మళ్లీ మెట్లెక్కారు. చాలాసేపటికి దిగారు. తాళం వెతకడానికి ఇంతసేపా అనుకున్నాను.

ఆగండి అని డాక్టరమ్మ సులువుగానే అన్నారు. మా అత్తయ్యగారి దగ్గర ఆ పప్పులు ఉడకవు. కీర్తన బిందె వైపు చూసిందంటే ఆవిడ గ్లాసుతో సిద్ధం.

"అడగనివ్వండి అత్తయ్యా."

"మూడేళ్ల పిల్ల గుక్కెడు నీళ్ల కోసం అడుక్కోవాలా? నా కొంపలో? ఏ డాక్టరు చెప్పిందే ఆ మాట?"

నేను ఆవిణ్ణి ఆపలేను. నిజం చెప్పాలంటే, పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగితే నేనే ఆగలేను.

ఒక సాయంత్రం కీర్తన షోకేసు ముందు నిలబడి కొండపల్లి ఏనుగుబొమ్మ వైపు వేలు చూపించింది. అత్తయ్యగారు మోకాళ్లు పట్టుకుని లేచేలోగా బావగారు ఒక్క ఉదుటున వెళ్లి అలారం గడియారం తీసి దాని చేతిలో పెట్టారు. కీర్తన తల అడ్డంగా ఊపింది. దువ్వెన ఇచ్చారు. కాళ్లు నేలకేసి కొట్టింది.

"ఏనుగురా మొద్దు వెధవా!" అన్నారు అత్తయ్యగారు.

"ఓహో, అదా!" అని బావగారు ఆవిడ కీళ్లనొప్పుల తైలం సీసా తీసి ఎంతో ప్రేమగా పిల్లకి అందించారు.

కీర్తన మొహం ఎర్రబడింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, అచ్చం వాళ్ల నాయనమ్మలా పెదనాన్న వంక చూసింది.

"కాదు!"

నా చేతిలో గరిటె జారి పడింది.

"ఏమిటీ, ఇది కాదా?" అన్నారు బావగారు ఏమీ ఎరగనట్టు.

"కాదు! కాదు! కాదు!"

నేను ఏడ్చాను. అత్తయ్యగారు వసకొమ్ముని కళ్లకద్దుకున్నారు. మా ఆయన గుడి గంట గొప్పదనం అందరికీ ఫోన్లు చేసి చెప్పారు. బావగారు మాత్రం తైలం సీసా పట్టుకుని నిలబడి ఉన్నారు, ఇప్పుడు దీన్నెక్కడ పెట్టాలో తెలియనట్టు.

అక్కణ్ణుంచి మాటలు మెల్లమెల్లగా వచ్చాయి. ఛాయాదేవి గారు ఓపిగ్గా నేర్పేవారు. 'ఏను' వచ్చింది, తర్వాత 'ఏనుగు' అయింది. ఒక పొద్దున్న నా కొంగు పట్టుకుని "అమ్మా" అంది. ఆ రోజు నేనేం వండానో, ఎవరు తిన్నారో నాకు గుర్తులేదు. బావగారి తెలివి మాత్రం అలాగే ఉంది. గొడుగడిగితే చీపురు.

ఒకరోజు ఆయన క్యారియర్ మర్చిపోతే పట్టుకుని కొట్టుకి వెళ్లాను. నేల నుంచి కప్పు దాకా అరలు, అన్నీ ఒకేలాంటి డబ్బాలు. ఈయనకి ఇందులో ఏం దొరుకుతుంది భగవంతుడా అనుకుంటూ నిలబడ్డాను. ఇంతలో శౌరయ్య అనే మెకానిక్ గ్రీజు చేతులతో వచ్చి, "బసవయ్యగారూ, ఆ పాత లారీకి..." అన్నాడు. ఇంకా ఏం కావాలో చెప్పనేలేదు. బావగారు వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టారు.

"చూసి తీసుకో నాయనా, ఇంకోటేదో ఇచ్చుంటారు" అన్నాను నేను, పాపం తర్వాత ఇబ్బంది పడతాడని.

శౌరయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "ఈయనా? తప్పివ్వడమా? భలేవారండీ! ఈ రోడ్డులో ఎవర్నైనా అడగండి. కరెంటు పోయినా మా బసవయ్యగారి చెయ్యి తప్పదండీ."

శౌరయ్య వెళ్లిపోయాడు. నేను బావగారి వంక చూశాను. ఆయన క్యారియర్ గిన్నెల వంక చూస్తున్నారు. నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. గోంగూర తెచ్చిననాడు కీర్తన నా కాళ్ల దగ్గరే ఉంది. కారప్పూస పంచిననాడు ఆయన చంకలోనే ఉంది. తాళం కోసం మెట్లెక్కారు కదా, స్కూటర్ తాళం ఆయన జేబులోంచి బయటికి వేలాడుతూనే ఉంది.

"బావగారూ, ఆ రోజు పైకెళ్లి డాక్టరమ్మని ఏమడిగారు?"

ఆయన తల గోక్కున్నారు. "మా అమ్మ ఆగనివ్వదండీ, ఇంకో దారేమైనా చెప్పమన్నానమ్మా. అయితే తప్పు వస్తువు ఇచ్చి చూడండి, దిద్దాలన్న ఉక్రోషానికి నోరు తెరవచ్చు అన్నారావిడ."

"మరి మా అందరికీ ఎందుకండీ తప్పులు తెచ్చిపెట్టడం?"

"దానికొక్కదానికే అయితే ఏడిపిస్తున్నాననుకోదూ? చిన్నపిల్లే గానీ దానికీ రోషం ఉంటుంది కదమ్మా. మా పెదనాన్నే ఇంత, పాపం ఏం తెలీదు అనుకుంటే బెంగ లేకుండా దిద్దుతుందని..."

ఆటోనగరంతా చెయ్యి తప్పదని చెప్పుకునే మనిషి, పసిపిల్ల మాట కోసం ఇంట్లో మొద్దావతారం ఎత్తాడు. చేతులెత్తి దండం పెట్టబోయాను.

"అయ్యయ్యో, ఊరుకోమ్మా! అసలు మా అమ్మకి మాత్రం చెప్పకు."

"తప్పకుండా చెప్తానండీ. ఆవిడ మిమ్మల్ని రోజూ అన్నేసి మాటలంటుంటే!"

"చెబితే తిట్టడం మానేస్తుంది. అమ్మ తిట్టేటప్పుడే కదా, కీర్తన కూడా నోరు కలిపేది!"

ఆ సాయంత్రం అత్తయ్యగారు కళ్లజోడు అడిగారు. బావగారు పరుగెత్తుకెళ్లి టార్చిలైటు తెచ్చారు.

"ఓరి నీ మొహం మండా!" అని ఆవిడ మొదలుపెట్టారు.

కీర్తన నడుం మీద చేతులేసుకుంది. "పెదనాన్నా! అది కాదు! నాయనమ్మకి కళ్లజోడు కావాలి!"

అంత పొడుగు మాట దాని నోట అదే మొదటిసారి. బావగారు టార్చిలైటు వెలిగించి, ఆర్పి, దాన్ని నలువైపులా తిప్పి చూస్తూ, "మరి ఇది కళ్లజోడు కాదా?" అన్నారు. ఆయన ఓరకంట నా వైపు చూశారు.

"ఏం మనుషులండీ మీరు! కళ్లజోడుకీ టార్చిలైటుకీ తేడా తెలీదా?" అని నేనూ గొంతు కలిపాను. పెళ్లయ్యాక బావగారిని తిట్టడం నాకదే మొదలు. మనసారా తిట్టాను.